తొలిపూత పసుపు

డాబాగార్డెన్స్ దుకాణంలో కుర్రాడు
రెండు ప్రింటర్లు బల్ల మీద పెట్టాడు.
ఒకటి జేబులో పడుతుంది. సిరా అక్కర్లేదు,
రంగులన్నీ కాగితంలోనే నిద్రపోతుంటాయట,
వేడి తగిలితే లేస్తాయట.
రెండోది టిఫిన్ డబ్బా అంత.
దానికి రిబ్బను కావాలి, ట్రే కావాలి,
బ్యాటరీ కావాలంటే వేరే డబ్బులు.

"ఇంట్లోకేనా మేడమ్? పుట్టినరోజులకా?"
పుట్టినరోజులకే అన్నాను.
అబద్ధం కాదు.

పెద్దాసుపత్రిలో మా పసిబిడ్డల వార్డు ఒక అంతస్తు,
ఆపరేషనైన తల్లులది ఇంకో అంతస్తు,
మధ్యలో పలకని లిఫ్టు.
కుట్లు పచ్చిగా ఉన్నన్నాళ్లూ తల్లికి బిడ్డంటే
ఆయా సన్యాసమ్మ మెట్లెక్కి మోసుకెళ్లే ఒక కబురు:
"బాగున్నాడే, అచ్చం నీ ముక్కే."

ఫోన్లో చూపిస్తే పోదా, అంది ప్రిసిల్లా.
చూపించాం.
డ్యూటీ మారగానే ఫోను ఇంటికెళ్లిపోతుంది.

అందుకే ఏడుగురం చందాలేసుకున్నాం.
ఎంచే పని నాకు పడింది.

పరీక్షకి ఒకే ఫోటో పట్టుకెళ్లాను,
హుకుంపేట అవతల్నుంచి వచ్చిన కిల్లో జమున కొడుకు.
కిల్లో వారి బిడ్డ, కిలో నాలుగొందలు
అని మేం నవ్వుకున్న బిడ్డ.

జేబు ప్రింటరు వాణ్ని పచ్చగా తేల్చింది.
నీలి దీపం కింద ఐదు రోజులు పడుకుని
కామెర్లు పోగొట్టుకున్నవాడికి
అరనిమిషంలో మళ్లీ కామెర్లు తెచ్చింది.
దాన్ని అవతల పెట్టెయ్ బాబూ అన్నాను.

డబ్బా ప్రింటరు తొందరపడలేదు.
బెర్తు దొరక్క హార్బరు బయట తచ్చాడే ఓడలా
కాగితం నాలుగుసార్లు ముందుకొచ్చి వెనక్కెళ్లింది.
తొలిపూత ఒట్టి పసుపు.
దీనికీ అదే రోగమా అనుకున్నాను.
రెండోసారి ఎరుపు: పెదాలొచ్చాయి,
రక్తం తీసిన మడమ మీద చుక్క వచ్చింది.
మూడోసారి నీలం: నీడలు, ముక్కు పక్క ప్లాస్టరు,
దుప్పటి మీద ఆసుపత్రి ముద్ర.
నాలుగోసారి ఏ రంగూ పడలేదు.
ఏం చేస్తోందిప్పుడు?
"పైపూత మేడమ్. నీళ్లు పడినా పోదు."
పాలు పడితే?
కుర్రాడు డబ్బా తిరగేసి చూశాడు.
అందులో రాసిలేదు.

డ్యూటీ పుస్తకం వెనక పేజీలో నేను రాసినవి:
స్టిక్కరు కాగితం చిన్నది, ధర ఎక్కువ,
కేసు షీటుకి అంటించడానికి తప్ప వద్దు.
మెరుపు తక్కువ కాగితానికి మరకలంటవు,
కాని బిడ్డ కాస్త దూరంగా ఉన్నట్టుంటాడు.
బాగా మెరిసేదాంట్లో ఊపిరి కూడా కనిపిస్తుంది.
లోపం: వేలిముద్రలు పడతాయి.
విప్పిన ప్యాకెట్టు కిటికీ దగ్గర వదలొద్దు,
ఈ ఊరి ఉప్పుగాలికి తెల్లారేసరికి అప్పడమౌతుంది.
పెట్టెకి నూటెనిమిది, అష్టోత్తరం లెక్క.
కాగితమూ రిబ్బనూ ఒకేసారి అయిపోతాయి,
ఒకటి మిగిలి ఒకటి పోవడం ఉండదు.
ఈ సుగుణం కింద రెండు గీతలు గీశాను.

ఇంకొకటి, దుకాణంలో చెప్పనిది.
వాడేసిన రిబ్బను వెలుగుకి పట్టుకుంటే
అచ్చయిన ప్రతి ముఖమూ అందులో ఉంటుంది,
మూడు రంగుల్లో మూడుసార్లు.
చెత్తబుట్టలో వెయ్యకూడదు,
కత్తెరతో ముక్కలు చెయ్యాలి.
ఒక్క ముక్క నేను కత్తిరించలేదు.
దాని సంగతి ఇక్కడ రాయను.

జమునకి మెరిసేదే ఇచ్చాం.
చాలాసేపు తిరగేసి వెనక వైపు చూసింది,
వీపు కూడా ఉంటుందేమోనని.
సాయంత్రం బీపీ చూడ్డానికి వెళ్తే
తలగడ మీద ఫోటో.
బిడ్డ చెంప మీద ఒక బొటనవేలి ముద్ర,
దాని మీద ఇంకోటి, దాని మీద ఇంకోటి,
కన్ను కనబడనన్ని.

వెనక పేజీ తీసి
"లోపం" అన్న మాట కొట్టేశాను.

పాలు పడినా పోలేదు.
డాబాగార్డెన్స్ వైపు వెళ్తే
ఆ కుర్రాడికి చెప్పాలి.